నూనె వేయని బ్రేకు

మానుగుట్ట మునిసిపాలిటీ ఆఫీసు గుట్ట మీద ఉంటుంది, ఊరు గుట్ట కింద ఉంటుంది. అందుకని ఊరికి ఆఫీసు ఎప్పుడూ కనిపిస్తూనే ఉంటుంది గానీ, ఆఫీసుకు ఊరు పన్నుల వసూలు నెలలోనే కనిపిస్తుంది. ఆఫీసు గేటు దగ్గర మొదలైన రోడ్డు రెండు మలుపులు తిరిగి, బాగా ఏటవాలుగా దిగి, నేరుగా బస్సులు పోయే పెద్ద రోడ్డులో కలుస్తుంది. కలిసేచోట ఎడమవైపు వ్యవసాయ మార్కెట్ యార్డు.

ఆ ఆఫీసులో జనన మరణాల విభాగం ఆడెపు కైలాసం చేతిలో ఉండేది. ఊళ్ళో ఎవరు పుట్టినా, ఎవరు పోయినా కైలాసం సంతకం పడాలి. ఆ రెండింటి మధ్య వాళ్ళకేం జరిగినా ఆయనకు సంబంధం లేదు. యాభై దాటిన మనిషి, నెమ్మదస్తుడు. పాత మోటారు సైకిలొకటి ఉంది. దాని చక్రాల్లో గాలి కూడా ఏనాడూ తన చేత్తో కొట్టుకోలేదు. బస్టాండు వెనక ఖాజామియా షెడ్డు ఉండగా ఆ అవసరమేమిటని ఆయన అభిప్రాయం.

ఆ సోమవారం గుట్ట ఎక్కుతుండగా బండి చైను ఊడింది. ఊడుతుందని ఖాజామియా ఎప్పుడో చెప్పాడు. రేపిస్తా, ఎల్లుండిస్తా అంటూ కైలాసమే వాయిదా వేశాడు. ఇప్పుడు చుట్టుపక్కల మనిషి లేడు, ఎండ చూస్తే మాడుతోంది, పైన కమిషనర్ గారి మీటింగు. రోడ్డు పక్క పుల్ల విరిచి, తిట్టుకుంటూ, చెమటలు కక్కుతూ, ఎలా పడిందో తెలియకుండానే చైనును పళ్ళ మీదికి ఎక్కించాడు. చేతులు మోచేతుల దాకా నల్లబడ్డాయి. చెమట తుడుచుకున్న చోటల్లా చొక్కా మీద వేలిముద్రలు పడ్డాయి.

మీటింగు హాల్లో వెనక వరసలోకి జారుకుందామని వెళ్ళేసరికి కమిషనర్ ప్రభంజన్ గారు మంచి ఊపులో ఉన్నారు. ఆయన అంతకు ముందు వారమే ఏదో శిక్షణకు వెళ్ళొచ్చారు. శిక్షణకు వెళ్ళొచ్చిన అధికారి, కొత్తగా ఈత నేర్చిన పిల్లవాడు ఒకటే. కనిపించిన ప్రతి గుంటలోనూ దూకుతారు.

“పారిశుద్ధ్యంలో పరిపూర్ణత సాధించిన మనం స్వీయ వాహన సంరక్షణలో ఎందుకు వెనుకబడ్డాం? తన వాహనపు గొలుసును తాను శుభ్రపరచుకోలేని ఉద్యోగి, ప్రజా సమస్యల గొలుసును ఎట్లా విడదీయగలడు?” అంటున్నారు.

ప్రశ్న ఎవరికీ అర్థం కాలేదు.

అప్పుడాయన చూపు కైలాసం మీద పడింది. “ఆగండి. తమరి చేతులకేమిటి?”

“చైను ఊడింది సార్,” అన్నాడు కైలాసం.

“ఊడితే తమరేం చేశారు?”

“ఎక్కించిన సార్.”

కమిషనర్ గారు కళ్ళజోడు తీసి, హాలంతా కలియజూశారు. “విన్నారా? ఊడింది, ఎక్కించాడు. పరిపాలన అంటే ఇంతే. ఇటు రండి కైలాసం గారూ. ఆ చేతులు పైకెత్తండి. అందరూ చూడండి. ఇవి చేతులు కావు, ఒక ఉద్యమం.”

సాయంత్రానికి ఉత్తర్వు వచ్చేసింది. కార్యక్రమం పేరు ‘మన బండి – మన చెయ్యి’. ప్రతి ఉద్యోగీ ఆదివారం పొద్దున తన ఇంటి ముందు తన బండి చైను తానే కడిగి, నూనె వేసి, బ్రేకులు సరిచూసుకుని, ఆ ఫోటో ఆఫీసు గ్రూపులో పెట్టాలి. ఈ రెండు పనులకు మెకానిక్కు దగ్గరకు పోవడం నిషిద్ధం. ‘బాహ్య సహాయం స్వావలంబనకు గొడ్డలిపెట్టు’ అని కింద గీత గీసి మరీ రాశారు. కార్యక్రమానికి నోడల్ అధికారి ఆడెపు కైలాసం.

ఇంట్లో ఈ సంగతి చెబితే భార్య పుష్పలీల కూర కలియబెడుతున్న గరిటె అలాగే పట్టుకుని నిలబడింది.

“గ్యాసు బుడ్డికి రెగ్యులేటర్ పెట్టరాదు నీకు. పక్కింటామెను పిలుస్త. నిన్ను బ్రేకులకు పెద్దమనిషిని జేసిండ్రా?”

“చేసిండ్రు.”

“నాకు రాదని చెప్పకపోయినవా మరి?”

“వచ్చునా అని అడగలే,” అన్నాడు కైలాసం.

మర్నాడు పొద్దున్నే ఆయన సందు వెంట నక్కి నక్కి ఖాజామియా షెడ్డు వెనక తలుపు కొట్టాడు. నిషేధాన్ని మొదట ఉల్లంఘిస్తున్నది తానేనని అనుకున్నాడు. తీరా లోపలికి పోతే అప్పటికే అయిదారుగురు బండ్లతో వరసలో ఉన్నారు. అందరి తలలకూ హెల్మెట్లు, అద్దాలు గడ్డం దాకా దించి ఉన్నాయి.

“అందరు మీ ఆఫీసోళ్ళే సార్,” అన్నాడు ఖాజామియా మెల్లగా. “మొఖాలు కనబడొద్దని తీస్తలేరు. ఈ ఊర్లె ఇంతమందికి హెల్మెట్లున్నయని నాకు గిప్పుడే ఎరుకైంది.”

వరసలో ఒక హెల్మెట్ కైలాసాన్ని చూసి గోడవైపు తిరిగింది. బట్టతల హెల్మెట్లో దాగినా, పొట్టను బట్టి అది అకౌంట్స్ ఆఫీసర్ పద్మనాభం అని కైలాసం పోల్చుకున్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూడనట్టు మర్యాద పాటించారు.

ఖాజామియా బండికి స్టాండు వేసి చూపించాడు. చైనును కింద వేలితో నొక్కితే రెండు వేళ్ళంత ఆడాలి, అంతకన్నా బిగిస్తే తెగుతుంది, వదిలితే ఊడుతుంది. డీజిల్లో పాత టూత్ బ్రష్ ముంచి రుద్ది, గుడ్డతో తుడిచి, ఆరాక నూనె వేయాలి. వెనక చక్రానికి రెండు వైపులా మరలు సమంగా తిప్పకపోతే చక్రం వంకరపోతుంది. బ్రేకు నట్టు బిగించాక చక్రాన్ని చేత్తో తిప్పి చూడాలి, రాసుకోకుండా తిరగాలి.

“ఇంకొకటి సార్. నూనె చైనుకే. బ్రేకుకు కాదు. లోపల లైనర్ల మీద చుక్క పడ్డా బ్రేకు పట్టదు, జారుతది. గిది మాత్రం మర్చిపోకుండ్రి.”

కైలాసం మరచిపోలేదు. ఆదివారం పొద్దున ఇంటి ముందు పీట వేసుకుని, అన్నీ ఆ వరసలోనే చేశాడు. మొదట్లో ఫోటో కోసమే కూర్చున్నాడు గానీ, మసి వదిలి చైను తెల్లగా మెరుస్తుంటే ఆయనకు వింతగా అనిపించింది. చక్రం తిప్పితే చిన్న చప్పుడు కూడా లేకుండా చాలాసేపు తిరిగింది. సర్టిఫికెట్ల మీద ఇన్నేళ్ళు సంతకాలు పెట్టినా ఏ కాగితమూ అట్లా తిరగలేదు. పుష్పలీల చాయ్ తెచ్చి పక్కన పెట్టి, “మంచిగనే జేసినవే,” అంది. చాయ్ చల్లారేదాకా ఆయన చక్రాన్ని తిప్పుతూనే ఉన్నాడు.

పని అక్కడితో ఆగితే ఊరు బాగుపడేది.

కైలాసం రాసిన మార్గదర్శకాల్లో ‘పాత టూత్ బ్రష్’ అని ఉంది. స్టోర్స్ విభాగం ఉద్యోగులందరికీ బ్రష్షులు కొనేసింది. పద్మనాభం ఫైలు ఆపేశాడు. “మంజూరైనవి పాత బ్రష్షులు. కొన్నవి కొత్తవి. ఇది నిబంధనలకు విరుద్ధం. పాత బ్రష్షులు అమ్మే సంస్థ ఎక్కడా లేకపోవడం మా విభాగం తప్పు కాదు,” అని రాశాడు. కమిషనర్ గారు దీర్ఘంగా ఆలోచించి, కొత్త బ్రష్షులను ఉద్యోగులే వాడి పాతబరచాలని తేల్చారు. అందరూ రోజుకు మూడు పూటలా పళ్ళు తోమడం మొదలుపెట్టారు. ఫైళ్ళు ఆగినా తోముడు ఆగలేదు. బ్రష్ తగినంత పాతబడిందని హెల్త్ ఆఫీసర్ ధ్రువీకరించాక గానీ దాన్ని డీజిల్లో ముంచకూడదు. బోసినోటి వాచ్‌మన్ పోచయ్య తన వాటా బ్రష్‌ను భార్యకు అప్పగించి, అందుకు వేలిముద్ర వేసిచ్చాడు.

తర్వాత పన్నుల విభాగంలో పనిచేసే నీరజ వంతు వచ్చింది. ఆమె ఫోటోలు పెట్టడం లేదు. కమిషనర్ గారు పిలిపించారు.

“స్కూటీకి చైను ఉండది సార్. లోపల బెల్టుంటది,” అంది నీరజ.

“ఉండదా, లేక తమరు పెట్టించుకోలేదా?”

“కంపెనీవాళ్ళే పెట్టలేదు సార్.”

“కంపెనీ చేసిన లోపానికి ఉద్యమం మూల్యం చెల్లించాలా? మహిళా సిబ్బందిని ప్రధాన స్రవంతికి దూరం చేసే కుట్ర ఇది,” అన్నారాయన. వారంలో స్కూటీలున్న ఉద్యోగినులందరికీ తలా ఒక విడి చైను పంపిణీ చేశారు. దాన్ని ఇంటికి తీసుకుపోయి, కడిగి, నూనె పెట్టి, మళ్ళీ భద్రపరచుకోవాలి. నీరజ ఆఫీసు నుంచి ఫోను చేసి చైను ఇచ్చారని చెబితే, వాళ్ళత్త సంబరపడి వీధిలో అందరికీ చెప్పింది. ఇంటికొచ్చాక పొట్లం విప్పి చూసి, రెండు రోజులు కోడలితో మాట్లాడలేదు.

మసి చేతులతో వేలు పెడితే హాజరు యంత్రం ఎవరినీ గుర్తుపట్టడం మానేసింది. ఆ నెల రికార్డు ప్రకారం ఆఫీసుకు ఒక్కరూ రాలేదు. కమిషనర్ గారు యంత్రాన్ని తీయించి, గేటు దగ్గర పోచయ్యను కూర్చోబెట్టారు. అరచేతులు చూపించాలి. నల్లగా ఉంటే హాజరు, తెల్లగా ఉంటే సగం రోజు సెలవు. గేటు పక్క హోటల్లో చాయ్‌తో పాటు అరచేతికి ఇంత గ్రీజు కూడా దొరకడం మొదలైంది. కమిషనర్ గారి కారు డ్రైవరు జేబులో ముక్కుపొడుం డబ్బీలాంటి దాంట్లో గ్రీజు పెట్టుకుని, అయ్యగారు కారు దిగే ముందు ఆయన రెండు చేతులకూ శ్రద్ధగా రాసేవాడు.

ఇక బ్రేకుల సంగతి. గట్టి బ్రేకే మంచి బ్రేకని ఆఫీసులో ఎవరో అన్నారు. ఎవరన్నారో తెలియదు గానీ కమిషనర్ గారు దాన్ని సర్క్యులర్ చేశారు. అందరూ నట్లు బిగించారు. ఎంత బిగించారంటే, బండ్లు స్టార్టయ్యేవి గానీ కదిలేవి కావు. పొద్దున్నే ఉద్యోగులు గుట్ట మీదికి బండ్లను ఈడ్చుకుంటూ వచ్చేవారు. దారిలో ఆగి రొప్పుకుంటూ ఒకరి బ్రేకును ఒకరు మెచ్చుకునేవారు. కైలాసం బతిమాలాడు. రాసుకోకుండా తిరగాలన్నాడు. వినేవాళ్ళు లేరు. ఎందుకంటే ఆ నెల ఉద్యోగుల వాహన ప్రమాదాల సంఖ్య సున్నా. ఆ సున్నా చూసుకుని కమిషనర్ గారు మురిసిపోయి, పైకి నివేదిక పంపారు. పైవాళ్ళు కూడా మురిసిపోయి, స్వయంగా చూడటానికి ఒక బృందం వస్తున్నదని తెలిపారు. బండ్లు ర్యాలీగా నడిపి చూపించమన్నారు.

ఇప్పుడు కదలాలి. వేరే దారి లేక బండ్లన్నీ కైలాసం చేతికి వచ్చాయి. ఆయన ఆఫీసు ఆవరణలో పీట వేసుకుని, ఒక్కొక్క బండి నట్టూ వదులు చేసి, చక్రం తిప్పి, చెవి పెట్టి విని, సరిచేశాడు. జనన మరణాల కిటికీ దగ్గర జనం నిలబడి ఎదురుచూశారు. బ్రేకులన్నీ ఒక దారికొచ్చాక ఆయనకు మనసులో ఎంతో హాయిగా అనిపించింది. ఆ హాయి ర్యాలీ రిహార్సల్ దాకానే నిలిచింది.

రిహార్సల్లో అందరూ వరసగా వచ్చి, గీత దగ్గర బ్రేకులు వేశారు. అన్నీ ఆగాయి. కాకపోతే దుమ్ముకు బ్రేకులన్నీ ఒక్కసారిగా కీచుమన్నాయి. గుట్ట మీది కోతులు చెట్లు దిగి పారిపోయాయి. కమిషనర్ గారు రెండు చేతులతో చెవులు మూసుకోవడంతో ఆయన చెవులు కూడా నల్లబడ్డాయి.

“ఈ అపశబ్దం అతిథుల చెవిన పడరాదు,” అన్నారు. “శబ్దం వస్తే నూనె వేయాలి. తలుపుకు వేయమా? బ్రేకులకు కూడా వేయండి. ధారాళంగా వేయండి.”

అందరూ వెళ్ళిపోయాక కైలాసం కమిషనర్ గారి గదిలోకి వెళ్ళాడు.

“సార్, బ్రేకుకు నూనె పొయ్యొద్దు సార్. లైనర్లు జారుతయి. బండి ఆగది.”

“గొలుసుకు హితమైన నూనె బ్రేకుకు అహితమా? ఒకే వాహనంలో ఒక భాగానికి నూనె, మరొక భాగానికి నిరాకరణ. ఇదేనా సమన్యాయం?”

“దాని తీరు వేరు సార్. మనుషులు పడ్తరు. నిజం చెప్తున్న, మొదట్ల నాకు ఈ పని ఏం రాకుండె. ఆనాడు చైను ఊడితే ఎట్లనో ఎక్కింది, అంతే. గానీ ఈ ఒక్కటి మాత్రం నాకు బాగ ఎరుక. పొయ్యద్దు.”

కమిషనర్ గారు లేచి వచ్చి ఆయన భుజం తట్టారు. “ఏమీ రాదనడం నిపుణుల లక్షణం. తమ వినయం మమ్మల్ని కదిలించింది. ర్యాలీకి తమరే అగ్రభాగాన ఉంటారు. తమ వెనుకే మేమూ స్వయంగా వాహనం నడుపుతాం.”

కైలాసం బయటికొచ్చి కనిపించిన ప్రతివాడికీ నూనె పోయవద్దని చెప్పాడు. పద్మనాభం అయితే పక్కకు తీసుకుపోయి, “ఆ మాట రాసిస్తవా? దస్కతు పెట్టి?” అని అడిగాడు.

“ఇస్త.”

“ఇయ్యరాదు. పెద్దసారు నోటిమాటగ చెప్పిండు. దానికి నంబరు లేదు, తారీకు లేదు. లేని ఉత్తర్వును కాదని ఎట్ల రాస్తవు?” అన్నాడు పద్మనాభం, నిజంగానే జాలిపడుతూ. తర్వాత తన బండికి నూనె పోసుకోవడానికి వెళ్ళాడు.

ఇంటికొచ్చి కైలాసం అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతుంటే పుష్పలీల గమనించింది.

“నీ బండికి పోస్తవా?”

“నా చెయ్యి రాదు.”

“మరి మిగిలినోళ్ళు?”

“నేను ముందల్నే ఉంట గద. మెల్లగ పోత. నా ఎనకున్నోళ్ళు గూడ మెల్లగ రావాలె గద,” అన్నాడు. చెబుతుంటే అది బాగానే వినిపించింది.

ర్యాలీ రోజు గేటు దగ్గర మామిడాకులు కట్టారు. స్కూటీల ఉద్యోగినులు విడి చైన్లను పళ్ళెంలో పెట్టి, పసుపు కుంకుమ అద్ది, అతిథులకు ఎదురొచ్చారు. పైనుంచి వచ్చిన బృందానికి నాయకుడు అదనపు సంచాలకులు. ఆయన ఒక చైనును కళ్ళకద్దుకుని, చేతులు ఎక్కడ తుడుచుకోవాలో తెలియక కాసేపు ఇబ్బంది పడ్డారు. కమిషనర్ గారు మైకు అందుకుని, ఇంధనం ఆదా చేయడానికీ, చైన్ల నిశ్శబ్దాన్ని అతిథులు ఆస్వాదించడానికీ ఇంజన్లు ఆపి, గేరు తీసి గుట్ట దిగాలని చివరి నిమిషంలో ప్రకటించారు. కైలాసం ఏదో అనబోయాడు. అప్పటికే జెండా ఊపేశారు.

బండ్లు కదిలాయి. మొదటి మలుపు దాకా అంతా ముచ్చటగా ఉంది. ఒక్క బండీ కీచుమనలేదు. కైలాసం బ్రేకును మెత్తగా అదుముకుంటూ, అనుకున్నట్టే మెల్లగా దిగుతున్నాడు. మలుపు తిరిగాక వెనక నుంచి ఎవరో పిలిచారు.

“కైలాసమన్నా, జర జరుగు.”

ఆయన అద్దంలో చూశాడు. కమిషనర్ గారి బండి ముందు చక్రం తన వెనక మడ్‌గార్డును తాకుతోంది. ఆయన బ్రేకు పెడల్ మీద నిలబడ్డారు, అయినా బండి రావడం ఆగలేదు. ఆయన వెనక పద్మనాభం. పద్మనాభం వెనక రోడ్డు నిండా మనుషులు, అందరి కాళ్ళూ పెడళ్ళ మీదే ఉన్నాయి. ఎవరి ముఖంలోనూ నెత్తురు చుక్క లేదు.

“కైలాసం గారూ,” అన్నారు కమిషనర్ గారు. “తమరు దయచేసి వేగం పెంచవలసిందిగా కోరడమైనది. ఇది ఆదేశం.”

కైలాసానికి అంతా ఒక్కసారి అర్థమైంది. తను బ్రేకు వేస్తే తన బండి ఆగుతుంది. ఆగిన మరుక్షణం ఆఫీసంతా వచ్చి తన వీపు మీద పడుతుంది. ఆ గుట్ట మీద పనిచేసే బ్రేకు ఒక్కటే ఉంది, దాన్ని వేయడానికి వీల్లేదు.

ఆయన పెడల్ మీంచి కాలు తీసేశాడు.

గాలి చెవుల్లో హోరుమంది. రెండో మలుపులో చెప్పు ఎగిరిపోయింది. ఎదురుగా పెద్ద రోడ్డు, దాని మీద ఒక బస్సు, బస్సు వెనక ఇంకొకటి. అప్పుడు కనిపించింది ఎడమవైపు మార్కెట్ యార్డు గేటు, బార్లా తెరిచి ఉంది. లోపల రైతులు కొనుగోలు కోసం పోసుకున్న వడ్ల కుప్పలు, ఎండకు బంగారంలా మెరుస్తున్నాయి.

ఆయన ఎడమ చెయ్యి పైకెత్తి, ముప్ఫయ్యేళ్ళ సర్వీసులో ఎన్నడూ ఎత్తని గొంతెత్తాడు. “ఎడమకు తిరుగుండ్రి. ఎవ్వలు సీదా పోకుండ్రి. నా ఎంబడే రాండ్రి.”

ఆఫీసులో ఒక ఉద్యోగి చెప్పిన మాట మిగతా ఉద్యోగులంతా ఎదురాడకుండా పాటించడం మానుగుట్ట చరిత్రలో అదే మొదలు. అందరూ తిరిగారు. కైలాసం గేటు దాటగానే కుప్పల పక్కకు తప్పుకుని, అప్పుడు బ్రేకు వేశాడు. బండి బుద్ధిమంతురాలిలా ఆగింది. ఆయన పక్కనుంచి కమిషనర్ గారు, పద్మనాభం, ఇంజనీరింగ్ విభాగం, పారిశుద్ధ్య విభాగం ఒకరి తర్వాత ఒకరు దూసుకుపోయి వడ్లలో కూరుకుపోయారు. వడ్లు మెత్తగా ఉండవు గానీ, బస్సు కంటే మెత్తగా ఉంటాయి. మోకాళ్ళు దోక్కుపోవడం తప్ప ఎవరికీ ఏమీ కాలేదు. కమిషనర్ గారు మెడ దాకా వడ్లలో ఉండి, “కార్యక్రమం ముగిసినట్టుగా ప్రకటిస్తున్నాం,” అన్నారు. కైలాసం బండికి స్టాండు వేసి, ఆయన్ను బయటికి లాగడానికి వెళ్ళాడు.

పైనుంచి కార్లో దిగివచ్చిన అదనపు సంచాలకులు గొప్ప సంతృప్తి వెలిబుచ్చారు. ఇన్ని వాహనాలు ఒకే సమయంలో, ఒకే ఆవరణలో, నిశ్శబ్దంగా ఆగడం ఆయనెక్కడా చూడలేదు. అయినా వడ్ల రైతులు గొడవ చేయడంతో విచారణ తప్పలేదు. మర్నాడు ఆయనే అధ్యక్షుడిగా, పద్మనాభం సభ్యుడిగా కూర్చున్నారు. మిగతా బండ్ల బ్రేకుల్లో వడ్లు నిండి పరీక్షకు పనికిరానందువల్ల కైలాసం బండిని ఒక్కదాన్నే పరీక్షించారు. బ్రేకు భేషుగ్గా పనిచేసింది. దాంతో కార్యక్రమంలో బ్రేకులన్నీ భేషుగ్గా ఉన్నట్టు తేలింది.

“బ్రేకు పనిచేస్తున్నప్పుడు తమరెందుకు వేయలేదు?” అని అడిగారు అదనపు సంచాలకులు.

“వేస్తే ఎనకోళ్ళంత నా మీద పడ్తుండిరి సార్. వాళ్ళకు బ్రేకులు లెవ్వు.”

“అన్ని బ్రేకులూ పనిచేస్తున్నాయని కమిటీ ఇప్పుడే నిర్ధారించింది కదా. నిర్ధారణ అయిన విషయాన్ని తమరు ఎట్లా కాదంటారు?”

కైలాసం పద్మనాభం వైపు చూశాడు. ఆయన కాగితాలు సర్దుకుంటున్నాడు.

“సరే. బ్రేకులకు నూనె వేయవలసిందన్న ఆదేశం తమరు పాటించారా?”

పద్మనాభం వంగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని గుసగుసగా అన్నాడు. “పోసిన అని చెప్పరాదె. అందరితోపాటు నీకూ సన్మానం ఉంటది, శాలువా వస్తది.”

కైలాసానికి బండి అద్దంలో కనిపించిన ముఖాలన్నీ ఒక్కసారి కళ్ళ ముందు మెదిలాయి. “పొయ్యలే సార్,” అన్నాడు.

తీర్పు ఆ సాయంత్రమే వచ్చింది. తప్పంతా రోడ్డు వాలుదని కమిటీ కనిపెట్టింది. గుట్టను చదును చేయడానికి అంచనాలు వేయమని ఇంజనీరింగ్ విభాగాన్ని ఆదేశించారు. వడ్లలో పడిన ఉద్యోగులు చూపిన ధైర్యానికి శాలువాలు కప్పారు. కమిషనర్ గారిని, ఈ అనుభవాన్ని రాష్ట్రమంతా విస్తరింపజేసేందుకు, పై ఆఫీసుకు తీసుకున్నారు. ఇక కైలాసం ఆదేశాన్ని ధిక్కరించి బ్రేకుకు నూనె వేయలేదు. పైగా బ్రేకు ఉండీ వేయలేదు. ఈ రెండు నేరాలకు గాను వడ్లలో కలిసిన మసీ, మట్టీ పోయేదాకా చెరగమని ఆయన్ను మార్కెట్ యార్డుకు పంపారు.

పొద్దున్నే తువ్వాలు నెత్తికి చుట్టుకుని ఆయన యార్డుకు వెళ్ళాడు. అందరికన్నా పెద్ద కుప్ప ఐలవ్వది. కమిషనర్ గారు దిగిందీ అందులోనే. ఐలవ్వ ముసలిది, బక్కపలచటి మనిషి, కానీ చేట ఆడిస్తుంటే గింజ ఒక్కటి కింద పడదు. కైలాసానికి ఒక చేట ఇచ్చి, ఎట్లా పట్టుకోవాలో చూపించింది. ఆయన చెరిగిన మొదటి చేటలో మట్టి లోపలే ఉండి, వడ్లు బయట పడ్డాయి. అవ్వ ఏమీ అనలేదు, మళ్ళీ చూపించింది. మధ్యాహ్నానికి ఆయన చేతులు కొంచెం దారికొచ్చాయి.

నీడన కూర్చుని సద్ది విప్పుకున్నాక ఐలవ్వ అడిగింది. “నువ్వు గుట్ట మీది ఆఫీసుల నౌకరేనట గద బిడ్డా. ఈడికెందుకు పంపిండ్రు?”

“నా బండికి బ్రేకులు పనిజేసినయవ్వా. అందుకు.”

“మరి మిగిలినోళ్ళవి?”

“అవి పనిజెయ్యలే. వాళ్ళకు శాలువలు గప్పిండ్రు.”

ఐలవ్వ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, మింగింది. గుట్ట మీద ఎవరో టేపు పట్టుకుని వాలును కొలుస్తుంటే కాసేపు అటు చూసింది. తర్వాత తన గిన్నెలోంచి మామిడికాయ తొక్కు ముక్క తీసి ఆయన అన్నంలో వేసింది.

“తిను బిడ్డా,” అంది. “కుప్ప శాన ఉంది.”